లూయిస్ తారుక్: హుక్ సేనాని ఎందుకు లొంగిపోయాడు?

గోదావరి_పాఠకుడు:
శాంతా సిన్హా గారికి 2003లో, బెజవాడ విల్సన్ గారికి 2016లో వచ్చిన పురస్కారం వల్ల రామన్ మెగసెసే పేరు మనకు సుపరిచితం. అదే మెగసెసే 1950 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ రక్షణ మంత్రిగా వచ్చి, మధ్య లూజాన్‌లో హుక్ అనే సాయుధ రైతు దళాల తిరుగుబాటును అణచిన పేరుతోనే 1953 ఎన్నికల్లో అధ్యక్షుడయ్యాడు. ఆయనకు ఎదురు నిలిచిన లూయిస్ తారుక్ గురించి తెలుగులో నాకు దొరికింది బహుస్వల్పం. 1942లో తుపాకి పట్టిన మనిషి 1954లో ఎందుకు లొంగిపోయాడు? అక్కడ ఉన్నవారు, రైతాంగ పోరాటాల చరిత్ర ఎరిగినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఏంజెలెస్_వైద్యవిద్యార్థిని:
నేను పంపాంగా రాష్ట్రంలోని ఏంజెలెస్‌లో చదువుతున్నాను. మేము ఉండే మేడ మీదికి వెళితే అరాయత్ కొండ కనిపిస్తుంది. చదునైన నేల మధ్య ఒంటరిగా లేచిన ఆ కొండా, దానికి దక్షిణాన ఉన్న కందాబా చిత్తడి నేలలూ హుక్ దళాలకు ఆశ్రయమిచ్చాయి. తారుక్ 1913లో పుట్టిన శాన్ లూయిస్ ఆ చిత్తడి నేలల పక్కనే ఉంది. మా ఇంటి యజమానురాలి తల్లి వయోవృద్ధురాలు. తన తండ్రి కోతలయ్యాక పంటలో సగం భూస్వామికి కొలిచి, విత్తనానికీ తిండికీ చేసిన అప్పు వడ్డీతో సహా తీర్చి, మిగిలిన గింజలు కొద్ది వారాలకే నిండుకోగా మళ్లీ అదే గడప తొక్కేవాడని ఆమె చెప్పారు. తారుక్ పేరెత్తితే ఆమె సిద్ధాంతం మాట్లాడలేదు, “మా వాడు” అన్నారు.

నల్లగొండ_ఉపాధ్యాయుడు:
అమ్మాయి చెప్పిన ఆ అప్పుల దగ్గరే తారుక్ జీవితం మొదలవుతుంది. పేద రైతు కుటుంబంలో పుట్టిన ఆయన మనీలాలో కొంతకాలం కళాశాల చదువు చదివి, మధ్యలో ఆపి వచ్చి, దర్జీ దుకాణం పెట్టుకున్నాడు. పంపాంగా సోషలిస్టు నాయకుడు పెద్రో అబాద్ సాంతోస్ ప్రభావంతో రైతు సంఘాల్లోకి వచ్చాడు. ఆ సోషలిస్టు పార్టీ 1938లో కమ్యూనిస్టు పార్టీతో కలిసింది. 1942 మార్చి 29న జపాన్ వ్యతిరేక ప్రజాసైన్యంగా హుక్బలహాప్ (పొట్టిగా హుక్) ఏర్పడినప్పుడు ఆయన సేనాని అయ్యాడు.

నా ఉద్దేశంలో ఆయన జీవితానికి అసలు మలుపు 1954 కాదు, 1946. జపాన్‌తో పోరాడిన ఈ దళాలను అమెరికా సైన్యం 1945లో నిరాయుధం చేయడానికి పూనుకొని, తారుక్‌ను నిర్బంధించింది. అయినా విడుదలయ్యాక ఆయన తుపాకి వైపు కాక ఎన్నికల వైపు వెళ్లాడు. 1946 ఏప్రిల్‌లో డెమోక్రటిక్ అలయన్స్ అనే వామపక్ష కూటమి తరఫున మధ్య లూజాన్‌లో గెలిచిన 6 మందిలో ఆయన ఒకరు. అమెరికన్లకు దేశ సహజ వనరులపై స్వదేశీయులతో సమాన హక్కులిచ్చే రాజ్యాంగ సవరణకు చట్టసభలో నాలుగింట మూడు వంతుల మద్దతు కావలసి ఉండగా, ఎన్నికల అక్రమాల ఆరోపణ చూపి వీరిని సభలో కూర్చోనివ్వలేదు. అదే సంవత్సరం ఆగస్టులో రైతు నాయకుడు హువాన్ ఫెలెయోను అపహరించి చంపారు. మా నాన్నగారు తెలంగాణ పోరాటంలో దళానికి కొరియర్‌గా పనిచేశారు. 1951లో పోరాటం విరమించిన తరువాత, 1952లో రావి నారాయణరెడ్డి గారిని లోక్‌సభకు పంపి, ఓటుకు విలువ ఉందని నమ్మినవారిలో ఆయన ఒకరు. పంపాంగా రైతు అదే ఓటు వేసి, అది చెల్లదనిపించుకున్నాడు.

చరిత్ర_శోధకుడు:
ఉపాధ్యాయుల వారి మాటతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒకటి గుర్తుచేయాలి. 1949 ఏప్రిల్‌లో మాజీ అధ్యక్షుడి భార్య అరోరా కెజోన్‌ను, ఆమె కుమార్తెను దారి కాచి చంపిన ఘటనలో నింద హుక్ దళాలపై పడింది. తాను ఆజ్ఞ ఇవ్వలేదని తారుక్ అన్నాడు. కానీ ఆజ్ఞ లేకుండానే దళాలు అంతపని చేయగలవంటే సేనాని బాధ్యత ఇంకా పెరుగుతుంది గాని తగ్గదు.

నల్లగొండ_ఉపాధ్యాయుడు:
అది కాదనలేని విషయం. మీ అభ్యంతరం లొంగుబాటు ప్రశ్నకు కూడా దారి చూపుతుంది. 1948లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఆయన మనీలా వచ్చి సభలో తన స్థానం తీసుకున్నాడు, చర్చలు విఫలం కాగా ఆగస్టులో తిరిగి అడవికి వెళ్లాడు. లావా సోదరుల నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీ అధికారం త్వరలోనే చేతికి వస్తుందని లెక్కవేయగా, సంధిని కోరిన తారుక్‌తో విభేదాలు ముదిరాయి. 1950 అక్టోబరులో మనీలాలోని పొలిట్‌బ్యూరో సభ్యులు పట్టుబడ్డారు. సైనికులు గ్రామస్థులను వేధించకుండా మెగసెసే కట్టడి చేశాడు, లొంగినవారికి దక్షిణాన ఉన్న మిందనావో దీవిలో భూమి ఇస్తానన్నాడు. భూమి దక్కిన హుక్ కుటుంబాలు నిజానికి స్వల్పమే అయినా ఆ ఆశ పనిచేసింది. అన్నం పెట్టే ఊళ్లు వెనక్కి తగ్గాక దళం నిలవదు. 1954 మేలో, అప్పటికి యువ విలేఖరి అయిన బెనిగ్నో అకినో జూనియర్ మధ్యవర్తిత్వంతో తారుక్ బయటికి వచ్చాడు.

గోదావరి_పాఠకుడు:
ఆ తరువాత ఏం జరిగింది?

చరిత్ర_శోధకుడు:
తిరుగుబాటు నేరానికి 12 ఏళ్ల శిక్ష, ఆపై హత్య కేసులో జీవితఖైదు పడ్డాయి. 1968లో అధ్యక్షుడు మార్కోస్ క్షమాభిక్షతో విడుదలయ్యాడు. మరుసటి ఏడాది మార్చి 29నే, హుక్ సైన్యం పుట్టిన తేదీన, కొత్త తరం కమ్యూనిస్టులు న్యూ పీపుల్స్ ఆర్మీ అనే సాయుధ దళాన్ని స్థాపించారు. తారుక్ వారితో వెళ్లలేదు.

ఏంజెలెస్_వైద్యవిద్యార్థిని:
విడుదలయ్యాక ఆయన భూసంస్కరణల కోసం, జపాన్‌పై పోరాడిన హుక్ యోధులకు పింఛను కోసం పనిచేస్తూ 2005 మే 4న మరణించాడు. మా యజమానురాలి తల్లిని మీ ప్రశ్న అడిగాను. తన తండ్రి తారుక్ కంటే ముందే ఇంటికి వచ్చేశాడని, అప్పటికి ఇంట్లో పిల్లలకు పెట్టడానికి గింజ లేదని ఆమె చెప్పారు. ఆయన చివరిదాకా కౌలు రైతుగానే ఉన్నాడట.