సమస్య: పడఁతి కడుపున నూర్గురు బంటులుండ్రి

నిర్వాహకుడు: గాంధారిని తెచ్చారంటే పూరణ తీసేస్తాను. గ్రీకుల యుద్ధనౌక త్రియేరేస్. దాని అర్థమో వ్యాకరణమో పద్యంలో పలకాలి.

కడలికవి:
తెడ్ల వరుసలు మూఁడుగఁ దీర్చినట్టి
నావ యవనుల వాక్కున నాతి యగును;
సాలమిస్సున గెలిచె నా జలధి పోరు;
పడఁతి కడుపున నూర్గురు బంటులుండ్రి.

నల్లేరు: రెండో పాదం బాగుంది, కాదనను. కానీ అడిగిన మాటేదీ? త్రియేరేస్ అసలు విశేషణం. 'నౌస్' (ఓడ) అనే విశేష్యాన్ని చెప్పకుండా వదిలేస్తే మిగిలింది ఇదే. ఆ నౌస్, మన సంస్కృత నౌ శబ్దంలాగే స్త్రీలింగం. ఇంత సరుకుండగా సాలమిస్ యుద్ధం దేనికి? నాది చూడండి:

హే త్రియేరేసనంగ నా యింతి గాదె;
మూఁడు బల్లలఁ గూర్చుండి ముందుఁ గనక
వెనుకచూపున ముందుకు వెడలువారు
పడఁతి కడుపున నూర్గురు బంటులుండ్రి.

ఛందోభోగి: ఆ 'హే' భలే! సంబోధన అనుకుని చదివాను, తీరా అది గ్రీకులో స్త్రీలింగ ఉపపదం, ఇంగ్లీషు 'the' లాంటిది. త్రియేరేస్ రూపం చూస్తే లింగం తేలదు. మన సంస్కృత 'సుమనాః' పుంలింగానికీ స్త్రీలింగానికీ ఒకటే కదా, అలాగే. 'హే' వస్తేనే ఆడదని తెలిసేది.

కడలికవి: 'హే' సరే, లెక్కో? తెడ్లవాళ్ళు పైవరుసలో 62, నడుమ 54, అడుగున 54. మొత్తం 170. నూర్గురంటే ఎలా?

ఛందోభోగి: నూర్గురు మీ పద్యంలోనూ ఉన్నారుగా! పైవరుసవాళ్ళ తెడ్లు ఓడ పక్కకు పొడుచుకొచ్చిన చట్రం మీద ఆడతాయి. నికరంగా కడుపులో ఉన్నది కింది రెండు వరుసలే, 108. సమస్య నిలిచింది. బంటులంటే బానిసలనుకోకండి, ఏథెన్స్ ఓడల్లో చాలామంది కూలి తీసుకునే పౌరులే.

పిల్లకాకి: గ్రీకు ఎరెత్మోన్, సంస్కృత అరిత్రం చుట్టాలు, రెండూ తెడ్డే. అందుకని నా మొదటి పాదం: 'అరిత్రముల్ మూఁడు వరుసల నమరె నందు'.

నల్లేరు: 'త్ర' ముందున్న 'రి' గురువు, 'అరిత్ర' జగణమైంది. తేటగీతి పాదం మొదట సూర్యగణం రావాలి. జగణం సూర్యగణాల్లో ఎప్పుడు చేరింది నాయనా?

పిల్లకాకి: పోనీ, 'తెడ్లు మూఁడేసి వరుసలఁ దీరియుండ'?

కడలికవి: అది నా పాదమే, చొక్కా మార్చారంతే. అయినా నల్లేరుగారు లింగపాఠం చెప్పడమేమిటి? పోయినసారి కుబెర్నేతేస్‌కు చీర కట్టిందెవరు?

నల్లేరు: చివర 'ఏస్' ఉంది కదా అని...

ఛందోభోగి: ప్రథమలో కవలల్లా ఉంటాయి. షష్ఠిలో ఒకటి త్రియేరూస్, రెండోది కుబెర్నేతూ. ఈ రెండోది చుక్కాని పట్టేవాడు, పుంలింగం.

నల్లేరు: ఆ మాటే లాటిన్‌లో గుబెర్నాతోర్, ఇంగ్లీషులో గవర్నర్ అయింది. ఆడ గవర్నర్లు లేరా ఏం?

నిర్వాహకుడు: ఉన్నారు. వాళ్ళెవరూ మీ పూరణలో యతి చూసి మెచ్చుకోరు. ఆ పాత గొడవ ఇక్కడ తవ్వొద్దు. పిల్లకాకీ, మిగతా రెండు పాదాలు ఏవి?