‘ప్రశ్న ఉత్పన్నం కాదు’: ఎంపీల రాత ప్రశ్నలతో ఒరిగేదేమైనా ఉందా?

కృష్ణలంక కుర్రాడు:
మా ఎంపీ గారి ఆఫీసు వాళ్లు వాట్సాప్‌లో ఓ పోస్టర్ వదిలారు. ఈ సమావేశాల్లో సార్ ఇన్ని ప్రశ్నలు వేశారహో అని పెద్దక్షరాలు, పక్కన దండం పెడుతున్న ఫొటో. సరే చూద్దామని పార్లమెంటు వెబ్‌సైట్ తెరిచి జవాబులన్నీ చదివాను. ఒక్కటి తప్ప అన్నీ నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. గుర్తు ఉన్న ప్రశ్నకి మంత్రి లేచి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు, అంటే తిరిగి అడిగే ప్రశ్నలు, వేయొచ్చు. గుర్తు లేనిదానికి కాగితం సభ ముందు పెడితే పనైపోయింది. లోక్‌సభలో రోజుకి మొదటి రకం 20, రెండో రకం 230. రాజ్యసభలో 15, 160.

ఆ 230 కాగితాలు ఎవరు చదువుతున్నారు? 2020 సెప్టెంబరు గుర్తుందా? లాక్‌డౌన్‌లో సొంతూళ్లకి పోతూ చనిపోయిన వలస కూలీల గురించి అడిగితే, అలాంటి లెక్కలు మా దగ్గర లేవని కార్మిక శాఖ రాసిచ్చింది. మరి పరిహారం ఇచ్చారా అంటే, లెక్కలే లేవు కాబట్టి ఆ ప్రశ్న ఉత్పన్నం కాదట! సభలో నిలబడి, ఎదుటివాళ్లు తిరిగి అడుగుతుంటే ఈ మాట అంత తేలిగ్గా అనగలిగేవారా? రాత ప్రశ్నల్ని సగానికి కోసేసి, సభలో నోటితో చెప్పే జవాబులకి టైం పెంచాలని నా వాదన. కాదంటారా?

విశ్రాంత గుమస్తా:
బాబూ, ముప్పై ఏళ్లకి పైగా ఓ కేంద్ర శాఖ కింది ఆఫీసులో చేశాను. ఏ శాఖో వద్దులే. ఆ కాగితం ఎవరూ చదవరని నువ్వంటున్నావు. రాసేవాళ్లు మాత్రం చచ్చినట్టు చదువుతారు. శుక్రవారం సాయంత్రం సంచి సర్దుకుంటుంటే ‘పార్లమెంట్ క్వశ్చన్, మోస్ట్ అర్జెంట్’ అని పైనుంచి వచ్చేది. ఆ టెన్షన్ అనుభవిస్తే గానీ తెలియదు.

ఒకసారి అయిదేళ్లలో ఖాళీ అయిన పోస్టులెన్ని, నింపినవెన్ని అని ప్రశ్న వచ్చింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌ది ఒక లెక్క, అకౌంట్స్‌ది ఇంకొకటి, కింది యూనిట్ల నుంచి వచ్చింది మూడోది. అన్నేళ్లూ ఆ మూడు లెక్కలూ ఒకే గూటిలో హాయిగా సంసారం చేశాయి. సభకి తప్పు లెక్క పోతే, సభని తప్పుదోవ పట్టించారంటూ హక్కుల ఉల్లంఘన నోటీసు దాకా వెళ్తుందన్న భయంతో శని, ఆదివారాలు కూర్చుని మూడింటినీ ఒకటి చేశాం. ఖాళీలు నింపే ఫైలు ఆ తర్వాతే కదిలింది. ఆ ప్రశ్న వేసిన ఎంపీకి ఈ సంగతి ఇప్పటికీ తెలిసి ఉండదు.

ఇంకో మాట. జవాబు రాసేవాడు ముందుగా వెతికేది ప్రశ్నలో సందు ఎక్కడుందా అని. ‘ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా’ అని (ఎ) మొదలుపెడితే మాకు పండగే. ‘రాలేదండి’ అని రాసి, (బి), (సి), (డి)లకి కలిపి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని కొట్టేస్తాం. టీ చల్లారేలోపు అయిపోతుంది. అదే ‘ఏడాది వారీగా, రాష్ట్రాల వారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, పెండింగ్ ఎన్ని’ అని అడిగితే ఆ పూట భోజనం కూడా ఉండదు. అడగడం చేతగాక వచ్చిన జవాబుకి శాఖనొక్కదాన్నే తిట్టి లాభం లేదు.

తార్నాక లా:
గుమస్తా గారి మాటకి సాక్ష్యం అదే 2020 సమావేశాల్లో ఉంది. కొవిడ్ అని చెప్పి అప్పుడు మంత్రులు నోటితో జవాబు చెప్పే ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు. ఎంపీల చేతిలో మిగిలింది గుర్తు లేని ప్రశ్నలే. కార్మిక శాఖ ‘లెక్కల్లేవు’ అన్న వారంలోనే, వలస కూలీల కోసం నడిపిన శ్రామిక్ స్పెషల్ రైళ్లలో ఎంతమంది చనిపోయారని రాజ్యసభలో రైల్వే శాఖని అడిగారు. సెప్టెంబరు 9 వరకు 97 మంది అని జవాబొచ్చింది. రాష్ట్రాల పోలీసులు ఇచ్చిన సమాచారం అది. రోడ్ల మీద పోయినవాళ్లు అందులో లేరు, నిజమే. కానీ రైలు అని, చనిపోయినవాళ్ల సంఖ్య అని గురి పెట్టి అడిగారు కాబట్టి తప్పించుకునే దారి తగ్గింది. ఒక అంకె ప్రభుత్వ సంతకంతో సభ రికార్డుకెక్కింది.

నోటి జవాబులంటావా? గంటలో 20 ప్రశ్నలకి అయిదారు దాటితే గొప్ప. మిగిలినవాటికి చివరికి దక్కేది రాత జవాబే. 2019 నవంబరు 27న లోక్‌సభలో ఇరవైకి ఇరవై పూర్తయితే, 1972 తర్వాత ఇదే మొదటిసారని వార్తలు రాశారు. పైగా ఆ గంట గొడవల్లో కొట్టుకుపోతే నీ అనుబంధ ప్రశ్న ఎక్కడిది? వాయిదా పడిన రోజున కూడా రాత జవాబు వచ్చి వెబ్‌సైట్‌లో కూర్చుంటుంది.

అన్నట్టు నీ బాధ కొత్తదేం కాదు. బ్రిటిష్ వాళ్ల 1892 చట్టం మన శాసన మండళ్లలో ప్రశ్న అడగనిచ్చింది గానీ, తిరిగి అడగనివ్వలేదు. అనుబంధ ప్రశ్న కోసం 1909 దాకా ఆగాల్సి వచ్చింది.

గూటాల రైతుబిడ్డ:
మాది పోలవరం పక్కనే. ప్రాజెక్టు ఖర్చు మీద టీవీలో ఒక పార్టీది ఒక అంకె, ఇంకో పార్టీది ఇంకో అంకె, గొంతులు చించుకునేవాళ్లు. నాకు తల తిరిగిపోయి జలశక్తి శాఖ జవాబులు చదవడం మొదలుపెట్టాను. 2017-18 ధరల్లో 55,548.87 కోట్లకి ఆ శాఖ సాంకేతిక సలహా కమిటీ ఒప్పుకుంది. సవరించిన అంచనాల కమిటీ దాన్ని 47,725.74 కోట్లకి తగ్గించింది. కేంద్రం మాత్రం 2013-14 ధరల్లో 20,398.61 కోట్ల దగ్గర చాలాకాలం ఆగిపోయింది. మూడూ నిజమే, మూడింటికీ అర్థం వేరు. ఏ చర్చా కార్యక్రమంలోనూ ఇలా పక్కపక్కన పెట్టి చెప్పలేదు. ముంపులో ఊరు పోయిన మా చుట్టాలకి ఆ తేడాలోనే పునరావాసం డబ్బుంది.

వైజాగ్ స్టీల్ సంగతీ అంతే. వంద శాతం వాటా అమ్ముతామని, రాష్ట్రానికి అందులో ఈక్విటీ లేదని 2021 మార్చిలో ఆర్థిక మంత్రి రాసిచ్చారు. అప్పటిదాకా ఆశ పెట్టుకున్న కార్మికులు ఆ రాత్రే ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెంలో రోడ్డెక్కారు. ఎవరూ చదవని కాగితానికి అంత జరుగుతుందా?

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, మంచి ఉదాహరణలే. చెడ్డది నేను చెప్తా. కడప, బయ్యారంలలో పెడతారన్న ఉక్కు ఫ్యాక్టరీలు. ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలో ఉంది. లాభసాటి కాదని కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ చెప్పింది, 2016లో టాస్క్‌ఫోర్స్ వేశారు. ఆ తర్వాత మన ఎంపీలు పార్టీలకతీతంగా ఎన్నిసార్లు అడిగారో! ప్రతిసారీ అదే పేరా, తేదీ మార్చి. ఇక్కడ ప్రశ్నలో సందు ఏముంది గుమస్తా గారూ? చెప్పదలచుకోనివాడిని ఎంత గురిపెట్టి అడిగినా చెప్పడు. తిరిగి నిలదీసే అవకాశం ఉంటేనే కదా.

బద్ధకస్తుడు:
మీరంతా ఎంపీ స్వయంగా కూర్చుని ప్రశ్న రాస్తాడనుకుంటున్నారు, పాపం. 1951లోనే ముద్గల్ అనే సభ్యుడు బొంబాయి బులియన్ (బంగారం, వెండి) వ్యాపారుల తరఫున ప్రశ్నలు వేసి దొరికిపోయి, బహిష్కరించేలోపు రాజీనామా చేశాడు. 2005 డిసెంబరులో ప్రశ్నకి డబ్బు తీసుకుంటూ కెమెరాకి చిక్కిన 11 మందిని రెండు సభలూ ఇంటికి పంపాయి. 2023 డిసెంబరు 8న తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రాని లోక్‌సభ ఇంటికి పంపించింది కూడా ప్రశ్నలు వేసే లాగిన్ వేరేవాళ్లకి ఇచ్చారన్న గొడవలోనే. డబ్బు తీసుకోలేదని ఆవిడ వాదన, అది వేరే కథ. ఒక కంపెనీకి పోటీ కంపెనీ మీద ప్రశ్న వేయించడం కంటే చవకైన పని ఉందా?

తార్నాక లా:
ఊరికే వేయించరు బ్రదర్. ఆ కాగితానికి విలువ ఉంది కాబట్టే డబ్బిచ్చి మరీ వేయిస్తున్నారు. నీ పోస్టు కృష్ణలంక వాదననే దెబ్బతీసింది, చూసుకో.

విశ్రాంత గుమస్తా:
కడప విషయంలో కుర్రాడి మాట ఒప్పుకుంటాను. అలాంటి పేరాలు నేనూ రాశాను, కాపీ చేసి పేస్ట్ చేశాను. అయితే అందరూ మర్చిపోయేది ఒకటుంది. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అని మంత్రి రాసిస్తే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి. తీర్చారా లేదా చూడటానికి 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. గడువు పెంచమని ఆ కమిటీకి ఉత్తరాలు రాయలేక మా ఆఫీసర్లు నలిగిపోయేవాళ్లు. ప్రశ్న వేసిన ఎంపీ తన పాత ప్రశ్న ఏమైందని మళ్లీ అడిగినట్టు మాత్రం నా సర్వీసులో చూడలేదు. పోస్టర్ వేసుకున్నాక ఇంకెందుకు.

సగటు ఓటరు:
ఢిల్లీ సంగతి సరే. 2021లో ఏపీ బడ్జెట్ సమావేశాలు ఒక్కరోజు, మే 20న. అసెంబ్లీ కూర్చుంటే కదా ఎమ్మెల్యే అడిగేది, శాఖలు భయపడేది.

కృష్ణలంక కుర్రాడు:
సగానికి కోయాలన్న మాట వెనక్కి తీసుకోను. కానీ ఉన్నదాన్ని వాడుకుందాం. మా దగ్గర ఓ వంతెన పని పిల్లర్ల దగ్గర ఆగిపోయి చాలాకాలమైంది. కేంద్ర నిధుల పనే. ఎంపీ ఆఫీసుకి పంపుదామని ఇలా రాశాను, చూడండి: (ఎ) సదరు వంతెన పనులు నిలిచిపోయిన విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, (బి) వస్తే, తీసుకున్న చర్యలేమిటి, (సి) లేకపోతే, కారణాలేమిటి?

విశ్రాంత గుమస్తా:
ఇంతసేపు నేను చెప్పింది గాలికి పోయిందన్నమాట. (ఎ) తీసెయ్. ఇలా రాయి: (ఎ) పని మంజూరైన తేదీ, మంజూరైన మొత్తం, (బి) అప్పటినుంచి ఏడాది వారీగా విడుదలైన సొమ్ము, ఖర్చయిన సొమ్ము, (సి) గడువు ఎన్నిసార్లు పొడిగించారు, ఒక్కోసారి చూపిన కారణం, (డి) పొడిగింపు వల్ల పెరిగిన అంచనా వ్యయం, ఇప్పటి గడువు. 150 మాటలు దాటకూడదు, ఇది అందులో సగం కూడా ఉండదు. జవాబు రోజుకి పదిహేను రోజుల ముందే నోటీసు చేరాలి. ‘రోడ్లు రాష్ట్ర పరిధి’ అని తోసేయకుండా కేంద్ర పథకం పేరు పైనే పెట్టు.

కృష్ణలంక కుర్రాడు:
కాపీ చేసుకున్నాను, రేపే పంపిస్తా. పోస్టర్‌లో సార్ అంకె ఇంకొకటి పెరుగుతుందే, అదొక్కటే నా కడుపుమంట.