పెరట్లో గుడ్ల కోసం నాటు పెట్టలా, గ్రామప్రియలా?

తెనాలి_పెరడు:
రిటైరై సొంతూరు వచ్చేశాను. ఇంటి వెనక ఐదు సెంట్ల జాగా, చుట్టూ ప్రహరీ, రెండు మునగ చెట్లు, అరటి పాదులు. కోళ్లు పెంచుదామని నేను నోరు జారానో లేదో, ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. అమ్మ నాటు పెట్టలు తప్ప ఇంకోటి గడప తొక్కడానికి వీల్లేదంటోంది. మా అబ్బాయి రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవాళ్ల గ్రామప్రియ రకం కోళ్లు తెద్దామంటాడు. నా లెక్క ఇది: మేం నలుగురం, రోజుకు తలా ఒక గుడ్డంటే ఏడాదికి 1460. నాటు పెట్ట ఏడాదికి 60 పెడుతుందనుకుంటే పాతిక పెట్టలు కావాలి. గ్రామప్రియ పెరట్లో 160 నుంచి 180 దాకా పెడుతుందట, తొమ్మిది చాలు. లెక్కలో మావాడిదే గెలుపు. కానీ అమ్మ లెక్కలకు లొంగే మనిషి కాదు. పెంచినవాళ్లు చెప్పండి.

సిద్దిపేట_మల్లన్న:
సార్, లెక్క మంచిగనే ఉంది, గని అది ఒక్క ఏడాది లెక్క. మూడేండ్ల కింద నేను 20 గ్రామప్రియలు తెచ్చిన. ఆరు వారాలు సాదిన పిల్లలనే తెచ్చిన, ఒక్కరోజు పిల్లలను బల్బు కింద పెట్టి కాపాడుడు మనతోని కాదు. ఐదున్నర నెలలకు గుడ్డు మొదలైంది. మస్తు పెట్టినయ్, అబద్ధమెందుకు. గని ఒక్కటంటే ఒక్కటి పొదుగ కూసోలే. తర్వాతి ఏడాది గుడ్లు తగ్గినయ్, మళ్ల పిల్లల కోసం పైసలు పట్టుకొని పోవాల్సొచ్చింది. నాటు పెట్ట ఉంటే దాని ఎనక తరాన్ని అదే తయారుచేస్తది.

తెనాలి_పెరడు:
మరి గ్రామప్రియ గుడ్లనే నాటు పెట్ట కింద వేసి పొదిగిస్తే?

సిద్దిపేట_మల్లన్న:
అదీ చేసిన. పిల్లలైతే అయినయ్, గని పెద్దగైనంక తల్లి లెక్క గుడ్లు పెట్టలే. ఒకటి మంచిగ పెట్టె, ఇంకోటి అడపాదడపా. హైబ్రిడ్ మక్క కంకుల గింజలు దాచి మళ్ల ఏస్తే చేను ఎట్లుంటదో, గంతే.

మదనపల్లె_అక్క:
నా ఓటు మీ అమ్మగారికే మాస్టారూ. 60 గుడ్లేనా అని నాటు పెట్టను తీసిపారేస్తాండారే, ఎందుకు 60 అని అడిగినారా? పది, పదిహేను గుడ్లు పెట్టి, 21 దినాలు పొదిగి, పిల్లల్ని రెండు నెల్లు ఏసుకోని తిరిగి, ఆ తర్వాత మళ్లీ గుడ్లకొస్తుంది. అన్ని దినాలూ అది ఊరికే కూర్చోలేదు కదా. మీకు గుడ్లే కావాలంటే, పొదుగుకొచ్చిన పెట్టను గూట్లోంచి తీసి రెండు మూడు దినాలు వేరే చోట గంప కింద మూసేయండి. పొదుగు మరిచిపోయి తొందరగా ఇంకో విడత పెడుతుంది.

గద్ద నీడ పడితే నాటు పెట్ట పెట్టే అరుపుకు పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. ఆ బల్బు కింద పెరిగినవి గద్ద దిగేదాకా పైకి చూస్తా నిలబడుంటాయి, ఏదో విమానం చూసినట్టు. మా ఇంట్లో రెండు రకాలూ పెంచినాం, నాలుగు గ్రామప్రియలు పోయినాయి. మూడు గద్దకు, ఒకటి ముంగిసకు.

గుంటూరు_లెక్కలు:
ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. అసలు కోళ్లెందుకు? గూట్లో పెట్టి మేపితే గుడ్ల కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది, అంటే ఏడాదికి 40 కిలోలు. మేత కిలో 30 రూపాయలు వేసుకున్నా 1200. దానికి గ్రామప్రియ ఇచ్చేది 170 గుడ్లు. గుడ్డు ఏడు రూపాయలు పడింది. అదే మేతకు ఫారంలో తెల్ల కోడి 300 పైన పెడుతుంది. ఇక గూడు ఖర్చు, చచ్చిన కోళ్ల ఖర్చు, పొద్దున్నే మీరు ఎత్తే రెట్ట కూలి, ఇవన్నీ నేను కలపలేదు. కొట్టుకెళ్లి గుడ్ల అట్ట తెచ్చుకోండి మాస్టారూ.

మదనపల్లె_అక్క:
ఎవరు సామీ 110 గ్రాములు కొనిపెట్టేది? పొద్దున గుప్పెడు నూకలు, సాయంత్రం గూటికి రావడానికి ఇంకో గుప్పెడు. మిగతాదంతా పురుగు, గడ్డి, మెతుకు, అవే ఏరుకుంటాయి. పిల్లలున్నప్పుడు పాత కుండలో తడి గడ్డి, పేడ కూరి చెదలున్న చోట రాత్రికి బోర్లిస్తే పొద్దునకు కుండ నిండా చెదపురుగులు. దానికి బిల్లు ఎవరూ ఇయ్యరు.

గుంటూరు_లెక్కలు:
అక్కా, ఐదు సెంట్లలో పాతిక కోళ్లు ఏరుకుంటే నెలకు పురుగుండదు, గడ్డుండదు, మాస్టారి అరటి పాదులూ ఉండవు. అప్పుడు మేత కొనాల్సిందే. ఏరుకుని బతికే కోడికి నేల కావాలి.

తెనాలి_పెరడు:
ఈ మాట నాకు తగిలింది. 1460 అనే అంకె దగ్గరే నేను తప్పుదారి పట్టినట్టున్నాను.

పశువైద్యుడు_విశ్రాంత:
మీరంతా జాతి గురించి వాదించుకుంటున్నారు. నా ఉద్యోగంలో నేను చూసింది వేరు. పెరటి కోళ్ల లెక్క తప్పేది కొక్కెర తెగులు దగ్గర. పచ్చటి విరేచనాలు, నోరు తెరిచి ఊపిరి, మెడ మెలి తిరగడం. వచ్చిందంటే వారంలో గూడు ఖాళీ. నాటు కోడికి ఏ రోగమూ రాదన్నది నమ్మకం మాత్రమే, టీకా వేయని నాటు పెట్టలు వీధి మొత్తం పోవడం చాలాసార్లు చూశాను. మొదటి వారంలో లసోటా టీకా కంట్లో చుక్క, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో రెక్క దగ్గర సూది. చిక్కల్లా ఒకటే. సీసా చిన్నదంటే వంద కోళ్లకు సరిపోయేది వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లవాడు ఒక్కడూ కొనలేడు. అందుకే వీధిలో అందరూ ఒకే రోజున వేయించుకోండి, మందు ఐస్‌లో పెట్టి తీసుకెళ్లండి.

ఇంకోటి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలింది గుర్తుందా? అలా తేలిన చోటుకు కిలోమీటరు లోపల కోళ్లను చంపి పూడ్చేస్తారు. అందులో పెరటి కోడికి మినహాయింపు లేదు. చుట్టుపక్కల పెద్ద ఫారాలుంటే ఇదీ ఆలోచించుకోండి. గుడ్డు పూర్తిగా ఉడికించి తినండి. ఈడేరిన ఆడపిల్లలకు పచ్చి గుడ్డు నువ్వుల నూనెతో తాగించే అలవాటు మాత్రం మానండి.

గుంటూరు_లెక్కలు:
డాక్టరు గారూ, నాటు గుడ్డులో బలం ఎక్కువంటారు కదా. అదీ నమ్మకమేనా?

పశువైద్యుడు_విశ్రాంత:
పెంకు రంగు జాతిని బట్టి, సొన రంగు మేతను బట్టి. ఆకు, మొక్కజొన్న తింటే సొన ముదురుగా వస్తుంది. మాంసకృత్తుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రుచి సంగతి నేను మాట్లాడను, అది మా ఆవిడ శాఖ.

ఇర్వింగ్_రావు:
ఇక్కడ టెక్సాస్‌లో మా పెరట్లో మూడు పెట్టలున్నాయి. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పుడు మా వీధిలో నేనే షావుకారుని. పుంజును మాత్రం పెట్టుకోలేదు, కూస్తే పక్కింటాయన ఫిర్యాదు చేస్తాడు. గుడ్లకు పుంజు అక్కర్లేదు, పిల్లలకే కావాలి.

సిద్దిపేట_మల్లన్న:
పుంజు కూయకుంటే తెల్లారుతదా అన్నా?

మదనపల్లె_అక్క:
అసలు మాట ఎవరూ ఎత్తలేదు. గుడ్లు మానేసిన పెట్టను ఏం చేస్తారు మాస్టారూ? మాకైతే పసుపు రాసి మంట మీద కాల్చి, కొబ్బరి, గసాలు నూరి పోసి పులుసు, పక్కన రాగిసంగటి. ముదురు పెట్ట కాబట్టి కుక్కరు ఆరేడు కూతలైనా వెయ్యాల. మీ ఇంట్లో కోసేవాళ్లున్నారా?

తెనాలి_పెరడు:
అమ్మ కోయగలదు. మనవరాలు కోయనిస్తుందా అన్నది సందేహం, ఇంకా రాని కోళ్లకే పేర్లు పెట్టేసింది.

ఈ రాత్రి అన్నం దగ్గర తేలిందేమిటంటే: రోజూ తలా ఒక గుడ్డు అనే పట్టుదల వదిలేశాం, లోటు పడింది కొట్లో తెచ్చుకుంటాం. నాలుగు నాటు పెట్టలు, ఒక పుంజు, ఐదు గ్రామప్రియలు. నాటువి పిల్లల కోసం, గ్రామప్రియలు గుడ్ల కోసం. పక్క రెండు వీధులవాళ్లతో టీకా సంగతి రేపు మాట్లాడతాను. అమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద: గ్రామప్రియలకు గూడు వేరే ఉండాలి, తన పెట్టల జాతి చెడకూడదట.

మదనపల్లె_అక్క:
గూడు వేరే సరే మాస్టారూ, పుంజు ఒక్కటే కదా. దానికెవరు చెబుతారు?