కిటికీ మీద లింటెల్ చాలా, ఇల్లంతా బెల్టు తిప్పాలా?

గుండ్లకమ్మ ఒడ్డు:
ఒంగోలు దగ్గర మా ఊళ్లో ఇల్లు కడుతున్నాం. 30 అడుగులకు 40. పిల్లర్లు లేవు, 9 అంగుళాల ఇటుక గోడల మీదే స్లాబు. గోడలు 7 అడుగులకు వచ్చాయి. ఎల్లుండి లింటెల్, అంటే కిటికీ, తలుపు ఖాళీల మీద గోడను మోసే కాంక్రీటు దూలం, పోయాలి. కిటికీల మీద, తలుపుల మీద విడివిడిగా పోస్తే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. అదే ఎత్తులో గోడలన్నిటి మీదా ఎక్కడా తెగకుండా కాంక్రీటు బెల్టు తిప్పితేనే ఇల్లు అంటున్నారు మా బావగారు. నేనే లెక్క వేసి చూశాను. బయటి గోడలు, లోపలి గోడలు కలిపి 200 అడుగులు. 6 అంగుళాల మందంతో బెల్టు తిప్పితే 75 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలి, విడివిడిగా అయితే 20 చాలు. 10 ఎంఎం కడ్డీలు నాలుగు వరసలు వేస్తే, రింగులు కాకుండానే 150 కిలోల ఇనుము. ఆ డబ్బుతో వంటగట్టుకు గ్రానైటు వస్తుందని ఇంట్లో వాళ్ల మాట. ఎవరి మాట వినాలి?

హైదరాబాద్ బిల్డరు:
మీ మేస్త్రి చెప్పిందే నా మాట కూడా. 4 అడుగుల కిటికీ మీద ఉన్న గోడ బరువంతా లింటెల్ మీద పడదు. ఇటుకలు తమలో తామే కమానులా సర్దుకుంటాయి. మధ్యలో ముక్కోణంలా మిగిలిన గోడ బరువే కిందికి దిగుతుంది. దానికి ఇటూ అటూ 6 అంగుళాలు గోడ మీద కూర్చున్న మామూలు లింటెల్ సరిపోతుంది. నేను కట్టే ఇళ్లన్నీ పిల్లర్లవే. ఎక్కడా బెల్టు వేయలేదు, ఎవరూ వచ్చి గొడవ పెట్టుకోలేదు.

రిటైర్డ్ ఇంజినీరు:
బాబూ, మీరు కట్టేవి పిల్లర్ల ఇళ్లు, ఆయన కడుతున్నది గోడల ఇల్లు. మీ ఇంట్లో గోడ తెర మాత్రమే. ఆయన ఇంట్లో గోడే స్తంభం, గోడే దూలం. పైగా మీరు చెప్పిన ముక్కోణం లెక్క ఇక్కడ కుదరదు. 4 అడుగుల ఖాళీ మీద 60 డిగ్రీల ముక్కోణం నిలవాలంటే దాదాపు మూడున్నర అడుగుల గోడ ఉండాలి. 7 అడుగుల దగ్గర లింటెల్, 10 అడుగుల దగ్గర స్లాబు. లింటెల్ మందం పోగా మధ్యలో మిగిలేది రెండున్నర అడుగులే. అంటే స్లాబు బరువు కూడా ఆ లింటెల్ మీదికి వస్తుంది.

ఇక బెల్టు సంగతి. అది బరువు మోయడానికి కాదు, గోడలను కలిపి పట్టుకోవడానికి. భూమి కదిలినప్పుడు పొడవాటి గోడ బయటికి తోసుకుపోతుంది, మూలల దగ్గర చీలుతుంది. బెల్టు ఉంటే నాలుగు గోడలూ పెట్టెలా కలిసి ఊగుతాయి. 2016 నాటి భూకంప పటంలో ఒంగోలు మూడో జోనులో, అంటే ఓ మోస్తరు ముప్పు ఉన్న ప్రాంతంలో ఉంది. 1967 మార్చి 27న అక్కడ భూమి గట్టిగానే కదిలింది. 1993లో లాతూరు భూకంపానికి కిల్లారి ఊళ్లో ఇళ్లు కుప్పకూలితే, లింటెల్ బెల్టు ఉన్న ఒక గోడల ఇల్లు దాదాపు చెక్కుచెదరలేదు. కాన్పూరు ఐఐటీ వారు ఆ ఇంటినే ఉదాహరణగా చూపిస్తారు.

హైదరాబాద్ బిల్డరు:
గోడల ఇల్లన్న మాట ఒప్పుకుంటాను సార్, అది నేను సరిగా చదవలేదు. కానీ ఒక్క ఇల్లు నిలిచిందని ఊరంతటికీ చట్టం చేస్తారా? ఆ ఇంటి గోడ దేనితో కట్టారో, మాలు ఎంత చిక్కగా కలిపారో ఎవరు చూశారు? చుట్టూ కూలినవాటిలో చాలా వరకు మట్టితో పేర్చిన రాతి గోడలే కదా!

రిటైర్డ్ ఇంజినీరు:
మంచి ప్రశ్నే. ఆ ఒక్క ఇల్లే ఆధారమైతే నేనూ నోరు మెదపను. భూకంపాన్ని తట్టుకునే ఇళ్ల గురించిన భారత ప్రమాణం ఐఎస్ 4326 లో బెల్టు పెట్టడానికి కారణం గోడ వంగే తీరు. కిల్లారి ఇల్లు దానికి ఒక సాక్షి, అంతే. గుండ్లకమ్మ గారూ, ఖర్చు గురించి మీ భయం మాత్రం న్యాయమైనదే. 6 అంగుళాల మందం, నాలుగు కడ్డీలు అంతటా అక్కర్లేదు. గది పొడవు 5 మీటర్లు దాటకపోతే 75 మిల్లీమీటర్ల మందం, రెండు 8 ఎంఎం కడ్డీలు, 150 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వాటిని కలిపే రింగులు చాలు. కిటికీలు, తలుపులు వచ్చిన చోట మాత్రం 6 అంగుళాలకు పెంచి, కింద అదనపు కడ్డీలు వేయండి. అవి ఎన్నో మీ ఇంజినీరు ఖాళీ వెడల్పు చూసి చెప్పాలి.

కాకినాడ కోడలు:
బెల్టా, విడివిడా అని మీరు తేల్చుకునేలోగా నా గోడు కొంచెం వినండి. మాది పాతికేళ్ల ఇల్లు, సముద్రపు గాలి. వంటింటి కిటికీ లింటెల్‌కు అడుగున నిలువునా కాదు, కడ్డీ పొడవునా పగులు వచ్చింది. మొదటిసారి మేస్త్రి సిమెంటు పూసి సున్నం కొట్టాడు. రెండేళ్లకు మళ్లీ అదే. ఈసారి ఇంకాస్త సిమెంటు. మూడోసారి పెచ్చు ఊడి పొయ్యి పక్కన పడింది, నేను అప్పుడే పక్కకు జరిగాను. చెక్కి చూస్తే కడ్డీ కింద కాంక్రీటు వేలి మందం కూడా లేదు. కట్టేటప్పుడు కడ్డీలను సెంట్రింగు చెక్క మీదే పరిచేశారన్నమాట. అప్పట్లో మా బావి ఉప్పునీళ్లతోనే కాంక్రీటు కలిపారట. పైన సజ్జకు వాలు లేదు, వాన నీళ్లు గోడ వైపే నిలిచేవి.

ఈసారి కింద ఆనింపు పెట్టి, కడ్డీ వెనక దాకా చెక్కి, తుప్పంతా బ్రష్షుతో రుద్ది, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో నింపారు. సజ్జ మీద బయటికి వాలు పెట్టి, అంచు అడుగున నీళ్లు వెనక్కి పాకకుండా గాడి కొట్టించాం. నాలుగు వానాకాలాలు గడిచాయి. కడ్డీలను చెక్కకు ఎత్తి పట్టే చిన్న దిమ్మెలు, అదే కవర్ బ్లాకులు, పెట్టకుండా 200 అడుగుల బెల్టు తిప్పితే మీరు 200 అడుగుల తుప్పు కొనుక్కున్నట్టే.

నాలుగో తరం మేస్త్రి:
అందరూ మేస్త్రినే ఆడిపోసుకుంటున్నారు. మూడో రోజుకే చెక్కలు ఊడదీయమని తొందరపెట్టేది ఇంటాయనే, వాటి అద్దె ఆయన జేబులోంచి పోతుంది మరి. కిటికీ లింటెల్ కింద ఆనింపులు 14 రోజులు ఉంచాలి. గోడల మీద పక్క చెక్కలు మర్నాడే తీసుకోవచ్చు. బెల్టు వేసేవాళ్లకు ఒక మాట. మూలల దగ్గర కడ్డీని తెంచి పక్కన ఇంకోటి పెట్టడం కాదు, వంచి అవతలి గోడలోకి పోనివ్వాలి. మెట్ల దగ్గరి కిటికీ ఎత్తు కలవలేదని అక్కడ బెల్టు ఆపేస్తారు. ఆపితే అది బెల్టు కాదు, గోడ మీద పడుకోబెట్టిన బీము ముక్క. సజ్జ కడ్డీలు పైవైపు ఉండాలన్నది కూడా చూసుకోండి. పోసేటప్పుడు కూలీలు వాటి మీద నడిచి కిందికి తొక్కేస్తారు.

గుండ్లకమ్మ ఒడ్డు:
ఇంజినీరు గారి లెక్కతో కాంక్రీటు 47 ఘనపుటడుగులకు దిగింది. ఇనుము సగానికి పైగా తగ్గింది. 1967లో అటక మీది బిందెలు దొర్లి కింద పడ్డాయని మా నాన్న చెప్పేవారు, ఆ సంగతి ఇంట్లో ఎత్తాక గ్రానైటు గొడవ సగం చల్లారింది. మేస్త్రి ఒప్పుకున్నాడు కానీ, కవర్ బ్లాకులు ఎందుకు, ఇటుక ముక్కలు పెడతాను అంటున్నాడు. పెట్టనివ్వచ్చా?

కాకినాడ కోడలు:
వద్దండీ. ఇటుక నీళ్లు పీల్చి నేరుగా కడ్డీకే అందిస్తుంది. బ్లాకులు మీరే కొని ఆయన చేతికి ఇవ్వండి, పోసే రోజు అక్కడే నిలబడండి.

హైదరాబాద్ బిల్డరు:
ఇంత చిన్న ఇంటికి బెల్టు ఎక్కువేనని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. బ్లాకుల విషయంలో మాత్రం ఆవిడ మాటే వినండి.