చేయి దించిన చోటే ఊనిక వినిపిస్తుందా?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పుతున్నాను. ‘రికార్డ్’ అనే మాటను మొదటి అక్షరం మీద ఊనితే, అంటే దాన్ని నొక్కి పలికితే (స్ట్రెస్), నామవాచకమనీ, రెండోదాని మీద ఊనితే క్రియ అనీ చెబుతూ, ఊనిక పడే చోట అరచేతిని కిందికి దించడం నాకు అలవాటు. మొన్న పొరపాటున రెండో అక్షరాన్ని ఊనుతూ మొదటిదాని దగ్గరే చేయి దించాను. నన్నే చూస్తున్న ముందు బెంచీవాళ్లు నామవాచకమన్నారు. తల వంచుకుని నోట్సు రాస్తున్నవాళ్లు క్రియ అన్నారు. కన్ను చెవిని ఇంతగా మోసం చేస్తుందా?

జవాబు 1: చేస్తుందండీ. 2021లో బాస్కర్, పీటర్స్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, ఊనిక ఎటుందో తేలనట్టుగా డచ్ మాటల ధ్వనిని మలిచి, చేతి ఊపును ఒకసారి మొదటి అక్షరంతో, మరోసారి రెండోదానితో కలిపి చూపితే, చేయి దిగిన అక్షరం మీదే ఊనిక ఉన్నట్టు వినడం పెరిగింది. పెదవుల కదలిక చూస్తే పలికిన ధ్వని వేరేగా వినిపిస్తుందని 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు చూపిన భ్రమకు ఇది చుట్టమే.

జవాబు 2: తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు, ‘కలం’, ‘కాలం’ తేడా అంతా అచ్చు నిడివిదే. అందుకే మీ చేతిని చూసిన పిల్లలు ఇంగ్లీషు ఊనికను చెవితో గట్టిగా పట్టలేక చేతిని నమ్ముకుని ఉంటారని నా ఊహ. అన్నట్టు, అదే పరిశోధనలో అచ్చు పొట్టిదా పొడుగుదా అనే తీర్పు కూడా చేతి ఊపుకు కాస్త జరిగింది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. సోమవారం తరగతి వెనక నిలబడి అవే మాటలు చెప్పి చూస్తాను.