మెదడు శాస్త్రాన్ని పాఠాలకు పనికొచ్చేలా చదవాలంటే ఏ పీజీ చెయ్యాలి?

జువాలజీ_మేడం:

నమస్తే అందరికీ. మాది గుంటూరు. పదకొండేళ్ళుగా విజయవాడలో ఒక ఇంటర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను, పొద్దున బస్సు, రాత్రి బస్సు. ఎమ్మెస్సీ, బీఈడీ అయ్యాయి. ఏటా నాడీ వ్యవస్థ చాప్టర్‌లో న్యూరాన్ బొమ్మ గీసి భాగాలన్నీ చెబుతాను గానీ, ఆ బొమ్మ పిల్లల తలలో ఎలా నిలబడుతుందో మాత్రం నాకే తెలియదు. మొన్న ఒకమ్మాయి వారం టెస్టులో 40కి 38 తెచ్చుకుంది. మూడు వారాలయ్యాక అదే ప్రశ్న క్లాసులో అడిగితే "మేడం, అది ఆ వారం సిలబస్ కదా" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఎడ్యుకేషనల్ న్యూరోసైన్స్ అని విదేశాల్లో మాస్టర్స్ ఉందట. ఇక్కడ అలాంటిదేమైనా ఉందా? నాకు 36 ఏళ్ళు, పాప మూడో తరగతి. ఇంట్లోవాళ్ళు ఎంఈడీ చెయ్యమంటున్నారు, కనీసం ప్రమోషన్‌కి పనికొస్తుందని. ఇంకో డౌటు, మా కాలేజీ దారిలో "బ్రెయిన్ బేస్డ్ లెర్నింగ్" అని పెద్ద హోర్డింగ్ పెట్టారు, నేను అడిగేదీ అదీ ఒకటేనా?

కృష్ణలంక_కుర్రాడు:

అక్కా, నేను ఆ కోర్సే చేసి వచ్చా, లండన్‌లో బర్క్‌బెక్, యూసీఎల్ కలిసి నడిపేది. ముందే చెప్పేస్తున్నా, పాఠం ఎలా చెప్పాలో అక్కడ ఎవరూ నేర్పలేదు. నేనూ అది నేర్పుతారనే వెళ్ళా. మొదట్లో అంతా స్టాటిస్టిక్స్, పేపర్లు చదవడం, ఈ ప్రయోగంలో పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు ఉందా లేదా అని వెతకడం. విసుగు పుట్టింది గానీ, ఇప్పుడు నాకు తిండి పెడుతున్నది ఆ అలవాటే.

ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే మెదడు స్కాన్ ఆలోచనకి ఫొటో తీస్తుందనుకుంటాం కదా. అది చూసేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని, ఆ మార్పు పూర్తిగా పైకి లేవడానికి ఐదు సెకన్లు అటూ ఇటూగా పడుతుంది. అంటే పిల్లాడికి డౌటు వచ్చి, తీరిపోయి, వాడు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాక స్కానర్‌కి కబురందుతుంది. పైగా గొట్టంలో తల కదపకుండా పడుకోవాలి, చెవులు హోరెత్తే చప్పుడు. మీ సెక్షన్‌లో డెబ్భై మంది మధ్య జరిగేది అందులో కనబడదు. తలమీద తీగలు అంటించి మెదడు విద్యుత్తుని కొలిచే ఈఈజీకి ఆ ఆలస్యం లేదు గానీ, సిగ్నల్ మెదడులో ఎక్కణ్ణుంచి వచ్చిందో దానితో సరిగ్గా తేల్చుకోలేం.

జాన్ బ్రూయర్ అనే ఆయన 1997లోనే ఈ మాట అన్నాడు, మెదడు శాస్త్రం నుంచి క్లాసురూముకి నేరుగా వంతెన పడదు, మధ్యలో కాగ్నిటివ్ సైకాలజీ (జ్ఞాపకం, ఆలోచన ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రం) మీదుగా పోవాల్సిందే అని. అది లేకుండా దూకుదామంటే బ్యారేజీ ఎక్కకుండా సీతానగరం పోతానన్నట్టే.

ఖర్చు సంగతి. ఏడాది కోర్సు, ఫీజే పాతిక లక్షల పైమాట, ఇంటద్దె వేరే. బ్రిస్టల్లో ఈ రంగంలో పేరున్న పాల్ హోవర్డ్-జోన్స్ ఉన్నచోట, కొలంబియా టీచర్స్ కాలేజీలో కూడా ఈ తరహా చదువుంది, అక్కడా డబ్బు సంగతి ఇంతే. తిరిగొచ్చాక ఇక్కడ ఒక స్కూల్లో ఇంటర్వ్యూకి వెళితే "మీరు డాక్టరా?" అని అడిగారు. ఇప్పుడు పాఠాల యాప్ ఒకదానికి ప్రశ్నలు రాసే పని. స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి మాత్రం వెళ్ళొద్దు.

ఇద్దరు_పిల్లల_నాన్న:

హోర్డింగ్ గురించి నేను చెబుతా. మూడేళ్ళ క్రితం మా పెద్దవాణ్ణి, మెదడు చురుకవుతుందని చెప్పే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్‌కి పంపా, పన్నెండు వేలు. కళ్ళకి గంతలు కట్టి పుస్తకం చదివించారు, మా ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చాక వాణ్ణి నెమ్మదిగా అడిగితే "నాన్నా, ముక్కు పక్కన సందులోంచి కనబడుతుంది" అన్నాడు. అక్కడ పుస్తకం ఎప్పుడూ గడ్డం కిందే పట్టుకుంటారు, గమనించండి. డబ్బులు వెనక్కి రాలేదు. వాడు ఆ గంతలతో ఇప్పుడు చెల్లెలితో దాగుడుమూతలు ఆడుతున్నాడు.

గచ్చిబౌలి_బస్‌పాస్:

మేడం, మాది తెనాలి, ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీ చేస్తున్నా. మీరు చెప్పిన పేరుతో డిగ్రీ కోసం ఇక్కడ వెతక్కండి, కాగ్నిటివ్ సైన్స్ అని వెతకండి. మాది కాక ఐఐటీ గాంధీనగర్‌లో ఎమ్మెస్సీ ఉంది, అలహాబాద్ యూనివర్సిటీలో 2002 నుంచి కాగ్నిటివ్ సైన్స్ సెంటర్ నడుస్తోంది, గచ్చిబౌలిలోనే ట్రిపుల్ ఐటీలో రీసెర్చ్ డిగ్రీలున్నాయి. సైన్స్ ఎలా నేర్పాలన్నదే మీ ప్రశ్న అయితే, ముంబైలో హోమీ భాభా సెంటర్‌లో సైన్స్ ఎడ్యుకేషన్ పీహెచ్‌డీ చూడండి, మీ ఎమ్మెస్సీకీ క్లాసు అనుభవానికీ అది దగ్గరగా ఉంటుంది.

హోర్డింగ్ మీద నాదీ ఒక మాట. 2008లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. మనిషి ప్రవర్తన గురించిన తప్పు వివరణకి కూడా సంబంధం లేని మెదడు మాటలు నాలుగు జోడిస్తే జనం అది బాగుందన్నారు. 2012లో ఇంగ్లండ్, నెదర్లాండ్స్ టీచర్లని అడిగితే, కొందరు ఎడమ మెదడు వాళ్ళు కొందరు కుడి మెదడు వాళ్ళు, చూసి నేర్చుకునేవాళ్ళు వేరు విని నేర్చుకునేవాళ్ళు వేరు లాంటి అపోహల్లో దాదాపు సగం నమ్మారు. తమాషా ఏంటంటే మెదడు గురించి ఎక్కువ తెలిసినవాళ్ళే వాటిని ఎక్కువ నమ్మారు. జువాలజీ వాళ్ళూ జాగ్రత్త మేడం :)

బ్రాడీపేట_4_14:

అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. మీ మాటలు కొన్ని అర్థం కాలేదు, కొన్ని అయ్యాయి. మా రోజుల్లో రెండు పద్ధతులు ఉండేవి. వల్లె వేయడం ఒకటి, అప్పజెప్పడం ఇంకోటి. వల్లె వేస్తే పుస్తకం ముందుంటుంది. అప్పజెప్పాలంటే పుస్తకం మాస్టారి చేతిలో ఉంటుంది, పిల్లవాడి చేతులు కట్టుకుని ఉంటాయి. ఎవరికి గుర్తుందో రెండోదాంట్లోనే తెలిసేది. భయం పెట్టేవాళ్ళం, బెత్తం కూడా ఉండేది, అది తప్పే, ఒప్పుకుంటాను. అప్పజెప్పించడం మాత్రం తప్పని ఇవాళ్టికీ అనుకోను. దీనికి పాతిక లక్షలు ఎందుకో మీరే చెప్పాలి.

కృష్ణలంక_కుర్రాడు:

మాస్టారూ, మా కోర్సులో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తున్న పేపర్ మీరు చెప్పినదాని గురించే. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులది, 2006. కాలేజీ పిల్లలకి ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. ఒక గుంపు నాలుగు విడతలూ చదువుకుంది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళే గెలిచారు, 83 శాతానికి 71. వారం తర్వాత తిరగబడింది, చదివినవాళ్ళకి 40, రాసినవాళ్ళకి 61. మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకే మాకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువ. అక్కా, మీ 38 మార్కుల అమ్మాయి సంగతి చాలావరకు ఇక్కడే ఉంది, చదివిన మర్నాడే టెస్టు, మళ్ళీ ఆ పాఠం జోలికి పోరు. వారం వారం టెస్టులు పెట్టే కాలేజీల్లో అప్పజెప్పించడం ఉన్నట్టే గానీ, ర్యాంకు లిస్టు గోడకి అంటించాక ఆ పేపరు ఎవరూ తిరిగి తెరవరు. పైగా రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, పొద్దున ఐదుకి బెల్లు. చదివింది కుదురుకునేది నిద్రలో కదా, దాన్నే కోసేస్తున్నారు.

జువాలజీ_మేడం:

అందరికీ థాంక్స్. మాస్టారూ, మీ మాట పట్టుకుని మంగళవారం ఒక సెక్షన్‌లో చేసి చూశాను. క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు, పుస్తకాలు మూసి, పోయిన నెల పాఠంలోంచి మూడు ప్రశ్నలు, మార్కులు లేవు. మొదటి రోజు సగం మంది ఖాళీ కాగితం ఇచ్చారు, ఒకడైతే పేపర్ కింద "సారీ మేడం" అని రాశాడు. ఇంకో సెక్షన్‌లో మామూలుగా చెబుతున్నాను, నెలాఖరుకి పోల్చి చూడాలని. ఇది ప్రయోగం అవుతుందా, లేక రెండు సెక్షన్లకీ ముందు నుంచే తేడా ఉంటే లెక్కలోకి రాదా?

గచ్చిబౌలి_బస్‌పాస్:

ముందు రెండు సెక్షన్లకీ ఒకే టెస్టు పెట్టి ఎక్కడున్నారో చూసుకోండి, తర్వాత ఎంత పెరిగారో పోల్చండి. చాప్టర్ మారినప్పుడు సెక్షన్లని అటూ ఇటూ మార్చండి. అప్పుడు మంచి సెక్షన్ కాబట్టి బాగా రాశారు అనే మాటకి చోటుండదు.

ఇంకో సంగతి మేడం, మీ పాప మూడో తరగతి అన్నారు కదా. చదవడం మీద పరిశోధన చాలావరకు ఇంగ్లీషు మీద జరిగింది, 26 అక్షరాల మీద. మన దగ్గర గుణింతాలు, ఒత్తులు కలిపితే రూపాలు వందల్లో ఉంటాయి. కన్నడం పిల్లల మీద సొనాలీ నాగ్ చేసిన పని చదవండి, 2007 పేపర్. అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటి రెండేళ్ళలో అయిపోయేది కాదనీ, పై తరగతుల దాకా సాగుతుందనీ అందులో ఉంది. తెలుగు మీద చెయ్యాల్సింది చాలా మిగిలి ఉంది. దానికి లండన్ వెళ్ళక్కర్లేదు, పిల్లలు ఇక్కడే ఉన్నారు.

జువాలజీ_మేడం:

మా పాప "స్త్రీ"ని ఇప్పటికీ "స్తీ" అనే రాస్తుంది, నేను రోజూ తిడుతున్నాను. సరే, ఆ పేపర్ చదువుతాను. మీ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాయాలంటే సైకాలజీ ఎంత రావాలి, సున్నా నుంచి మొదలుపెట్టినవాళ్ళు మీ బ్యాచ్‌లో ఎవరైనా ఉన్నారా? పెళ్ళై, పిల్లలున్నవాళ్ళు?

గచ్చిబౌలి_బస్‌పాస్:

ఇద్దరున్నారు మేడం. ఒకావిడ మీకంటే పెద్ద. మెసేజ్ పెట్టండి, వాళ్ళని అడిగి కలుపుతా.