చర్చ: స్క్రబ్ టైఫస్ – నివేదిక రాకముందే మందు మొదలుపెట్టడం, తీవ్రదశలో రెండు మందులు కలిపి ఇవ్వడం

పెన్నా తీరం:
అందరికీ నమస్కారం. మా మేనత్త నెల్లూరు జిల్లాలో పొలం పనులు చేసుకునే మనిషి. మొన్న చలికాలంలో ఆమెకు వారం దాటినా జ్వరం తగ్గలేదు. మొదట చూపించిన చోట వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్లేట్‌లెట్లు పడిపోవడంతో తర్వాత డెంగీ అనుకున్నారు. ఆయాసం మొదలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకువెళితే, అక్కడి పీజీ డాక్టరమ్మ ఆమెను పక్కకు తీసుకెళ్లి ఒళ్లంతా పరీక్షించి, రొమ్ము కింది మడతలో నొప్పి లేని చిన్న పుండును చూసి, ఇది స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) కావచ్చని చెప్పి, రక్తపరీక్ష నివేదిక రాకముందే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. అత్తయ్య ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

నాకు రెండు విషయాలు తెలియాలి. వ్యాధి నిర్ధారణ కాకుండానే మందు ఇవ్వడం సరైన పద్ధతేనా? అలాగే, పక్క మంచంపై ఉన్న రోగికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ (మరో యాంటీబయాటిక్) రెండూ నరం ద్వారా ఎక్కించారు. అత్తయ్యకు మాత్రం ఒక్కటే ఇచ్చారు. ఈ తేడాకు ఆధారం ఏమిటి?

జ్వరాల వార్డు (జనరల్ మెడిసిన్ వైద్యుడు):
మీ మొదటి ప్రశ్నకు సమాధానం: సరైన పద్ధతే, పైగా అవసరమైన పద్ధతి. భారత వైద్య పరిశోధన మండలి, ఆరోగ్య పరిశోధన విభాగం కలిసి 2015లో వెలువరించిన రికెట్సియా వ్యాధుల (స్క్రబ్ టైఫస్ కూడా ఉన్న వ్యాధుల వర్గం) మార్గదర్శకాలు కూడా, బలమైన అనుమానం ఉన్నప్పుడు ప్రయోగశాల నివేదిక కోసం చికిత్సను ఆపవద్దనే చెబుతున్నాయి. స్క్రబ్ టైఫస్‌కు కారణమైన ఓరియెన్షియా సుత్సుగముషి అనే సూక్ష్మజీవి మన కణాల లోపల పెరుగుతుంది, ముఖ్యంగా రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. అందువల్లే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు ఒకదాని వెంట ఒకటి ఇబ్బందిలో పడతాయి. సెఫ్‌ట్రయాక్సోన్ వంటి మందులు దీనిపై పనిచేయవు. ఆ ఇంజెక్షన్లతో గడిచిపోయే రోజులే రోగిని వార్డు నుంచి ఐసీయూకు చేర్చే రోజులు.

డెంగీ, లెప్టోస్పైరోసిస్, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ మొదటి వారంలో దాదాపు ఒకే విధంగా కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయ ఎంజైములు పెరగడం వీటిలో చాలావాటికి ఉమ్మడి లక్షణాలే కాబట్టి వాటిని బట్టి ఒక నిర్ణయానికి రాలేము. వేరుచేసి చూపగలిగింది ఆ పుండు ఒక్కటే. ఈ వ్యాధిని మోసే చిగ్గర్ మైట్ అనే పొదల్లోని చిన్న పురుగు పిల్ల కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని చెక్కు కట్టి ఉంటుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగి దాని గురించి చెప్పడు. చంక, గజ్జ, నడుము, రొమ్ము కింద, చెవి వెనుక వెతకాలి. చెమట పట్టే మడతల్లో చెక్కు ఊడిపోయి లేత పుండు మాత్రమే మిగులుతుంది. చామనఛాయ చర్మంపై దానిని గుర్తించడం ఇంకా కష్టం. మీ అత్తయ్యగారిని చూసిన డాక్టరమ్మ ఆ మడత దాకా వెతకడాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. రద్దీగా ఉండే ఓపీలో చీర కట్టుకున్న స్త్రీని పూర్తిగా పరీక్షించడానికి కావలసిన చాటు, తీరిక దొరకడం చాలా అరుదు. పుండు కనిపించకపోయినంత మాత్రాన వ్యాధి లేదని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఎందరో రోగుల్లో అది అసలే ఉండదు.

సూక్ష్మదర్శిని (మైక్రోబయాలజీ విభాగం):
వైద్యుడు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ప్రయోగశాల వైపు నుంచి ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను. మందు ముందే మొదలుపెట్టండి, కానీ దానికి ముందు రక్త నమూనా తీసిపెట్టండి. జ్వరం తగ్గిపోయింది కదా అని పరీక్షే మానేసే అలవాటు కొన్నిచోట్ల బలపడుతోంది. అలా జరిగితే ఏ మండలంలో ఈ వ్యాధి ఎంత ఉందో ఎప్పటికీ తెలియదు.

పరీక్షల విషయానికి వస్తే, ఎక్కువ ఆసుపత్రుల్లో చేసేది ఐజీఎమ్ ఎలైజా, అంటే సూక్ష్మజీవికి ఎదురుగా శరీరం తయారుచేసే ఐజీఎమ్ అనే ప్రతిరక్షకాలను రక్తంలో వెతికే పరీక్ష. ప్రతిరక్షకాలు మొదటి వారం చివరికి గానీ సరిగా పెరగవు కాబట్టి మూడో రోజున తీసిన నమూనాలో నెగటివ్ వచ్చినా వ్యాధి లేదని చెప్పలేము. మళ్లీ చేయాలి. దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఉంది. ఒకసారి వ్యాధి వచ్చిపోయినవారిలో ఐజీఎమ్ నెలల తరబడి నిలిచి ఉండవచ్చు. కాబట్టి వ్యాధి ఎక్కువగా ఉండే ఊళ్లలో పాజిటివ్ వచ్చిన ప్రతి జ్వరమూ స్క్రబ్ టైఫస్ కాదు. అందుకే ఎలైజా రీడింగ్ ఎంత దాటితే పాజిటివ్‌గా పరిగణించాలో ఆయా ప్రాంతాల ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షించి నిర్ణయించుకోవాలి. సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష మొదటి రోజుల్లో ఉపయోగపడుతుంది. నల్లని చెక్కు దొరికితే దానినే పీసీఆర్‌కు పంపడం మరీ మంచిది. పాత వీల్-ఫెలిక్స్ పరీక్ష చవకే గానీ, నిజంగా వ్యాధి ఉన్నవారిలో చాలామందిని అది పట్టుకోలేదు. అది నెగటివ్ వచ్చిందని డాక్సీసైక్లిన్ ఆపడం ప్రమాదకరం.

జ్వరాల వార్డు:
నమూనా ముందే తీయాలన్న మాటకు నేనూ కట్టుబడి ఉన్నాను. ఇక రెండో ప్రశ్న. దీనికి ఆధారం మన దేశంలోనే పుట్టింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ జార్జ్ ఎం. వర్గీస్ నాయకత్వంలో, భారత్‌లోని 7 ఆసుపత్రుల్లో ‘ఇంట్రెస్ట్’ అనే క్లినికల్ ట్రయల్ జరిగింది. దాని ఫలితాలు 2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. 15 ఏళ్లు నిండి, కనీసం ఒక అవయవమైనా దెబ్బతిన్న తీవ్ర స్క్రబ్ టైఫస్ రోగులను లాటరీ పద్ధతిలో మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి డాక్సీసైక్లిన్, ఒక వర్గానికి అజిత్రోమైసిన్, మూడో వర్గానికి రెండూ కలిపి 7 రోజులు నరం ద్వారా ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, చికిత్స చేసే వైద్యుడికీ తెలియదు.

మొత్తం 794 మందిని విశ్లేషణలో లెక్కించారు. 28వ రోజులోగా మరణం, 7వ రోజున కూడా తగ్గని అవయవ సమస్యలు, 5వ రోజున కూడా వదలని జ్వరం అనే మూడింటిలో ఏదో ఒకటి ఎందరికి ఉందో చూశారు. రెండు మందులూ పొందినవారిలో 33 శాతం, డాక్సీసైక్లిన్ మాత్రమే పొందినవారిలో 47 శాతం, అజిత్రోమైసిన్ మాత్రమే పొందినవారిలో 48 శాతం ఆ లెక్కలోకి వచ్చారు. సూక్ష్మజీవి మాంసకృత్తులు తయారుచేసుకునే యంత్రాంగంలోని రెండు వేర్వేరు భాగాలను ఈ మందులు అడ్డుకుంటాయి కాబట్టి, రెండూ కలిస్తే ఆ తయారీ మరింత పూర్తిగా ఆగుతుందన్నది పరిశోధకుల ఆలోచన.

అయితే ఈ ఫలితాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పకూడదు. 28 రోజుల్లో మరణించినవారి నిష్పత్తిలో మూడు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. తేడా వచ్చింది అవయవాలు త్వరగా కోలుకోవడంలోనే. ఐసీయూ ఖర్చు భరించే కుటుంబానికి అది చిన్న విషయం కాదని నా అభిప్రాయం. అదే సమయంలో, నడుచుకుంటూ ఓపీకి వచ్చిన రోగికి రెండు మందులు రాయడానికి ఈ ట్రయల్ ఆధారం కాదు. అది తీవ్రదశలో ఉన్నవారిపై జరిగింది. మీ అత్తయ్యగారికి ఒక మందే ఎందుకు ఇచ్చారో ఆమె కేస్ షీటు చూడకుండా నేను చెప్పలేను.

రాత్రి డ్యూటీ (స్టాఫ్ నర్సు):
మందుల గురించి వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. వార్డులో మేము చూసే సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. తడిగుడ్డతో ఒళ్లు తుడిచేటప్పుడు ఆ పుండు ముందుగా మా కంటపడిన సందర్భాలు ఉన్నాయి. అందుకే జ్వరం రోగికి స్పాంజింగ్ చేసేటప్పుడు మడతలన్నీ చూడమని కొత్తగా వచ్చిన అమ్మాయిలకు నేర్పుతాము. ఆడవారు మగ డాక్టరు ముందు చెప్పుకోలేనిది మాతో చెబుతారు. రెండవది, ఊపిరి వేగం. జ్వరం, బీపీ రాసినంత శ్రద్ధగా నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నారో లెక్కపెట్టి రాయాలి. ఆక్సిజన్ శాతం బాగానే కనిపిస్తున్నా ఆ సంఖ్య పెరుగుతూ పోతుంటే డాక్టరును లేపవలసిందే. ఈ వ్యాధిలో రక్తనాళాల నుంచి నీరు ఊపిరితిత్తుల్లోకి కారే ప్రమాదం ఉంటుంది కనుక, సెలైన్ ఎక్కువైతే మేలుకన్నా కీడు జరుగుతుంది. ఎంత ఎక్కింది, మూత్రం ఎంత వచ్చింది అన్నది గంటగంటకూ రాయడాన్ని దయచేసి ఎవరూ తేలికగా తీసుకోవద్దు.

గుంటూరు నుంచి:
ట్రయల్ అనే మాట వినగానే మా ఇళ్లలో భయపడతారు. స్పృహ లేని మనిషిని లాటరీ వేసి ఏదో ఒక వర్గంలో పడేయడం న్యాయమేనా అని మా నాన్నగారు అడుగుతున్నారు.

సమ్మతి పత్రం (క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్):
మీ నాన్నగారి ప్రశ్న ప్రతి పరిశోధకుడూ ఎదుర్కోవలసిన ప్రశ్న. ఇంట్రెస్ట్ ట్రయల్‌లో ఏ వర్గంలోనూ రోగిని ఉత్త నీళ్లపై ఉంచలేదు. మూడు వర్గాల వారికీ పనిచేస్తుందని తెలిసిన మందే అందింది. ఏది మెరుగు అన్నది వైద్యలోకానికి నిజంగా తెలియనప్పుడు మాత్రమే లాటరీకి నైతిక బలం ఉంటుంది.

ఇక సమ్మతి సంగతి. మన దేశంలో 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి లేకుండా ట్రయల్ మొదలుకాదు. 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్‌ను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయడం తప్పనిసరి, ఆ వివరాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. రోగి సమ్మతి చెప్పలేని స్థితిలో ఉంటే చట్టబద్ధ ప్రతినిధి, అంటే సాధారణంగా దగ్గరి బంధువు, సంతకం చేస్తారు. చదువురానివారైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట వివరించి వేలిముద్ర తీసుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు, అందువల్ల చికిత్స ఆగదు. పరిశోధన కారణంగా హాని జరిగితే వైద్యం, పరిహారం పొందే హక్కు ఉంది. పత్రం తెలుగులో ఇవ్వమని అడగండి. ఆ తెలుగు అర్థం కాకపోతే అర్థమయ్యే వరకు వివరించమని అడగండి. ఐసీయూ తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడిన కొడుకు చేత తొందరగా సంతకం పెట్టించుకునే పరిశోధకుడు నా దృష్టిలో తన పని చేయనట్లే.

పెన్నా తీరం:
ఇంత ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక్కటి అడుగుతాను. మా ఊళ్లో ఇప్పుడు ఇద్దరు గర్భిణులకు జ్వరం ఉంది. వారికీ డాక్సీసైక్లినేనా? పిల్లలకు ఇవ్వకూడదని కూడా విన్నాను.

జ్వరాల వార్డు:
గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్‌నే ఎంచుకుంటాము. పిల్లల విషయంలో పళ్లకు రంగు పడుతుందన్న పాత భయం టెట్రాసైక్లిన్ వాడిన కాలం నాటిది. కొద్ది రోజుల డాక్సీసైక్లిన్ కోర్సుకు ఆ భయం వర్తించదని ఇప్పుడు పిల్లల వైద్యులు కూడా అంగీకరిస్తున్నారు. అయినా మోతాదు బరువును బట్టి నిర్ణయించాలి కాబట్టి మందుల దుకాణంలో అడిగి కొనవద్దు. ఆ ఇద్దరినీ రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి, పొలానికి గానీ కట్టెలకు గానీ పొదల్లోకి వెళ్లారా అన్న విషయాన్ని డాక్టరుకు ముందుగానే చెప్పండి. వారు అడిగే వరకు ఆగవద్దు.